నాకు చెప్పకుండా చూపించిన ఇంగ్లాండు

నిన్న భోజనాలయ్యాక మా కోడలు ఫోన్‌లో పాత ఫొటోలు తీసి, ఒక్కొక్కటీ నాకు వర్ణించి చెప్పడం మొదలుపెట్టింది. నాకిప్పుడు వెలుతురూ చీకటీ, ఎదురుగా నిలబడ్డ మనిషి ఆకారం తెలుస్తాయి, అంతే. "ఇది ఇంగ్లాండు, అత్తయ్యా. పెద్ద రాతి గుమ్మం ముందు మీరూ మావయ్యగారూ నిలబడ్డారు. ఆయన మంకీ క్యాప్ పెట్టుకున్నారు. మీరెందుకో మొహం అటు తిప్పుకున్నారు" అంది. ఎందుకు తిప్పుకున్నానో ఆ పిల్లకి తెలీదు. ఈ ఆరేళ్ళలో ఎవరికీ చెప్పలేదు.

నేను బందరులో ఆడపిల్లల బళ్ళో ముప్పై ఏళ్ళు డ్రాయింగ్ టీచరుగా చేశాను. సెలవుల్లో పెడన వెళ్ళి, కలంకారీ అద్దకం వాళ్ళకి అచ్చుల కోసం లతలూ నెమళ్ళూ గీసిచ్చేదాన్ని. రిటైరయ్యాక చూపు మసకేస్తోందంటే మా ఆయనా, మా వదినా విజయవాడ తీసుకెళ్ళారు. వదినంటే మా ఆయన అక్కగారు, గుడివాడలో నర్సుగా చేసిన మనిషి. ఉద్యోగం మానేసినా ఆవిడకి లోకమంతా వార్డే, మేమంతా పేషెంట్లమే. కళ్ళలో మందు వేసి నన్ను బయట బల్ల మీద కూర్చోబెట్టారు. లోపల డాక్టరుగారితో వాళ్ళిద్దరే మాట్లాడి వచ్చారు. ఏం లేదు, వయసే, చుక్కలు వేసుకుంటే చాలంది వదిన. నమ్మాను. నా ఇద్దరు పిల్లల పురుళ్ళూ ఆవిడ చేతుల మీదే జరిగాయి మరి.

ఆ తర్వాత కొద్ది రోజులకే, దగ్గర్లోని నాగాయలంక వెళ్ళాలన్నా పెరుగన్నం కట్టించుకునే మా ఆయన, మనం ఇంగ్లాండు వెళ్తున్నామన్నారు. ట్రైనింగ్ రోజుల్లో పుస్తకంలో చూసిన పాతకాలపు చర్చీల గురించి పెళ్ళయిన కొత్తలో ఎప్పుడో చెప్పాను. ఇన్నేళ్ళూ గుర్తుపెట్టుకున్నారే అని పొంగిపోయాను. వదిన కూడా తోడొస్తానంది. పది రోజులు, విజయవాడ చర్చి వాళ్ళ బృందం, ముప్పై మందిమి, ఒక బస్సు.

అక్కడ నేను చేసిన ఘనకార్యం నిద్ర. బస్సు కదిలితే చాలు, కునుకు పట్టేసేది. బయట రాతి గోడల మధ్య పచ్చిక మైదానాలు, తడిసిన గొర్రెలు, ఏడెనిమిది వందల ఏళ్ళనాటి గంట గోపురాలు వెళ్ళిపోయేవి. వదిన మోచేత్తో పొడిచి "చూడు, చూడు" అనేది. ఇంటికెళ్ళి ఫొటోల్లో చూస్తాలెండి అనేదాన్ని. ఒక ఊళ్ళో వంకర దూలాల ఇళ్ళు చాలా బాగుంటాయంటే, సన్నగా తుంపర పడుతోంది, మోకాళ్ళు నొప్పులంటూ బస్సు దిగనే లేదు. దిగిన చోటల్లా కాఫీలో పాలు తక్కువని మా ఆయనతో వాదన. ఆయన మాత్రం ఒక్క మాటా ఎదురు చెప్పేవారు కాదు. చలికి మనిషి మెత్తబడ్డారనుకున్నాను.

తొమ్మిదో రోజు ఒక పెద్ద చర్చికి తీసుకెళ్ళారు. పొద్దున్నించీ ముసురు. మేం లోపలికి అడుగుపెట్టాక ఎండొచ్చింది. రంగుటద్దాల కిటికీల్లోంచి ఎరుపూ నీలం నేల మీద పడ్డాయి. నేను వంగి ఆ నీలాన్ని చేత్తో పట్టి చూసుకుంటుంటే, మా బృందంలోనే తెనాలి నుంచి వచ్చిన ఒక టీచరమ్మ దగ్గరికొచ్చి నా భుజం నిమిరింది.

"మీ వదినగారు చెప్పారండి. చూపు పూర్తిగా పోతుందని తెలిసీ ఇంత హుషారుగా తిరుగుతున్నారు. మీ ధైర్యానికి దణ్ణం పెట్టాలండి" అంది.

ఆవిడ మంచిదే. తప్పు ఆవిడది కాదు. నేను నెమ్మదిగా నడిచి, స్తంభం పక్కన బల్ల మీద కూర్చున్న మా ఆయన దగ్గరికెళ్ళి, ఎప్పుడు తెలిసిందని అడిగాను. విజయవాడలోనేనట. కంటి నరం ఎండిపోతోందనీ, చుక్కలు దాన్ని కాస్త ఆపుతాయే గానీ పోయిన చూపు తిరిగి రాదనీ డాక్టరుగారు అప్పుడే చెప్పారట. చెప్పొద్దని అక్క ఒట్టు వేయించుకుందంటూ ఆయన తల వంచుకున్నారు. పక్కనే ఉన్న వదిన మాత్రం తల వంచలేదు.

"చెబితే నువ్వు ఏడుస్తూ కూర్చునేదానివి. ఏమీ చూసేదానివి కాదు. ఇలాంటివాళ్ళని వార్డులో ఎంతమందిని చూశానో" అంది.

"చెప్పలేదు కాబట్టి బస్సులో నిద్రపోయాను వదినా. ఎనిమిది రోజులు" అన్నాను.

బస్సులో ఉన్నవాళ్ళందరికీ తెలిసింది నాకొక్కదానికే తెలీదు. నేను గురకపెడుతుంటే వాళ్ళంతా ఎంత జాలిగా చూసుంటారో అనుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. గుమ్మం ముందు ఆ ఫొటో తీసింది అక్కణ్ణుంచి బయటికొచ్చాకే. మిగిలిన ఒక్క రోజూ రెప్ప వేయకుండా చూశాను. కానీ కోపంతో చూసినది మనసులో నిలవదని అప్పుడే తెలిసింది. ఇప్పుడు ఎంత తలుచుకున్నా, మనుషుల అడుగులకి మధ్యలో గుంటపడిన రాతి మెట్టొకటి, చేతి మీది ఆ నీలమొకటి, అంతే మిగిలాయి.

మా ఆయన బతికున్నన్నాళ్ళూ ఏదో వంకన క్షమాపణ అడుగుతూనే ఉన్నారు. ఆయన్ని ఎప్పుడో క్షమించాను. వదిన ఇప్పటికీ గుడివాడ నుంచి నెలకోసారి బస్సెక్కి వస్తుంది, నా పక్కన కూర్చుని జామకాయ ముక్కలు కోసి పెడుతుంది. క్రితంసారి తనే ఆ ఊసెత్తి, మళ్ళీ ఆ పరిస్థితే వస్తే మళ్ళీ అలాగే చేస్తానంది. నేనూ మళ్ళీ అలాగే క్షమించనని చెప్పాను. ఇద్దరం జామకాయ తిన్నాం.

చూపు పోయినందుకు ఏడవడం ఎప్పుడో అయిపోయింది. దిగులుతో గడిపిన రోజులు కూడా కొన్నాళ్ళకి పాతబడతాయి గానీ, ఎదుటివాళ్ళకి తెలిసి నాకు తెలియకుండా దొర్లిపోయిన ఆ ఎనిమిది రోజులు మాత్రం ఇంకా పాతబడలేదు.