ఒకే లైన్‌లో ఏడు పనులు

నాచారంలో ఒక చిన్న కంపెనీలో ప్రోగ్రాములు రాసే రోజుల్లో నాకో పొగరుండేది. ఏడు లైన్లలో రాయాల్సిన పనిని సెమికోలన్లు పెట్టి ఒకే లైన్‌లో ఇరికించేవాణ్ణి. పక్క సీట్లో కూర్చునే మౌలాలి అన్న అది చూసి తల పట్టుకునేవాడు.

"గిట్ల రాస్తే రేపు తప్పు యాడుందో ఎట్ల దొరుకుతది తమ్మీ?"

నేను వినలేదు. కొన్నాళ్లకు ఆయన వేరే ఉద్యోగం చూసుకుని వెళ్లిపోయాడు.

ఆ మరుసటి వారమే ప్రోగ్రాం ఆగిపోయింది. నలభయ్యో లైన్‌లో తప్పుందని మాత్రం చూపించింది. ఆ లైన్‌లో ఉన్న ఏడు పనుల్లో ఏది చెడిందో చెప్పి చావదు. అడుగుదామంటే పక్క సీటు ఖాళీ. నన్ను నేనే తిట్టుకుంటూ ఒక్కో పనినీ విడదీసి కింద కింద రాశాను. మూడోది తప్పు. దొరికిందని చెప్పుకోవడానికీ ఎవరూ లేరు.

ఆ సాయంత్రం ఉప్పల్‌లో గది తాళం తీస్తుంటే ఏలూరు నుంచి అక్క ఫోన్ చేసింది. "తిన్నాను, బాగున్నాను, ఆఫీసు బాగుంది, ఫ్రెండ్సున్నారు, ఉంటానక్కా" అన్నాను, ఎప్పటిలాగే గుక్క తిప్పుకోకుండా.

"ఆగరా. ఒక్కొక్కటీ చెప్పు. మధ్యాహ్నం ఏం తిన్నావు?"

మొదటిదే తప్పు. "ఏమీ తినలేదక్కా" అన్నాను.