తాత కూర్చున్న రెండున్నర అడుగులు

మా కొట్టులో గిన్నెల మీద పేర్లు చెక్కిన తాత పోయిన మంగళవారం చనిపోయాడు. పొద్దున్నే షట్టరు తీసి గుమ్మంలో నీళ్లు చల్లుతుంటే ఆయన కూతురు ఫోన్ చేసింది. "మా అయ్య పోయాడమ్మా. మీకు సెప్పమన్నాడు" అంది. కబురు చెప్పాల్సినవాళ్లలో నన్నూ లెక్కపెట్టుకున్నాడని విని, బకెట్టు అక్కడే దించేశాను.

గాజువాకలో మాది స్టీలు సామాన్ల కొట్టు. తొమ్మిదడుగుల వెడల్పు, పన్నెండడుగుల లోతు. నాన్న తర్వాత నేనే చూసుకుంటున్నాను. తాత మాకు చుట్టం కాదు, జీతగాడూ కాదు. నాన్న కాలం నుంచీ గుమ్మం లోపల ఎడమ పక్క పీట వేసుకుని, చిన్న సుత్తి, ఉలితో సామాను మీద పేర్లు చెక్కేవాడు. చెక్కేముందు ఆ పేరు సుద్దముక్కతో నేల మీద రాసి, చదివి చూసుకోమనేవాడు. పెళ్లికి ఇచ్చే బిందె అయితే ఇచ్చేవాళ్ల పేరు కన్నా పెళ్లికూతురి పేరు కాస్త పెద్దగా చెక్కేవాడు. ఇచ్చినవాళ్లు మొహం చిట్లిస్తే, బిందె మోసేది ఆ పిల్లే కదా అనేవాడు.

కానీ ఆయన అసలు పనితనమంతా చోటు పుట్టించడంలో ఉండేది. నేను కొత్తగా కూర్చున్నప్పుడు పళ్లాలన్నీ డిజైను కనబడాలని బల్ల మీద పరిచేదాన్ని. "పడుకోబెడితే సోటంతా తినేత్తాయమ్మా, నిలబెట్టెయ్" అన్నాడు. నిలబెట్టాక ఒక బల్ల బల్లంతా ఖాళీ అయింది. మూతలకు దారాలు కట్టించి పైన కొక్కేలకు వేలాడదీయించాడు. గిన్నెలో గిన్నె పెట్టేటప్పుడు మధ్యలో పేపరు మడత పెట్టాలనీ ఆయనే నేర్పాడు. పేపరు లేకుండా నేను దూర్చిన రెండు గిన్నెలు బిగుసుకుపోయి, విడదీసేసరికి సొట్టలు పడ్డాయి. ఖాళీ బియ్యం డ్రమ్ము కనబడితే ఆయనకి మనసు ఒప్పేది కాదు, గ్లాసులు, గరిటెలు అందులో సర్దేసేవాడు. నేనొకసారి ఆ సంగతి మరిచిపోయి గ్లాసులతో సహా డ్రమ్ము అమ్మేశాను. కూర్మన్నపాలెం నుంచి ఒకావిడ ఆటోలో వెనక్కొచ్చి, ఇవి డ్రమ్ముతో పాటు ఉచితమా అని అడిగింది. తాత వారం రోజులు తలుచుకుని తలుచుకుని నవ్వాడు. ఆ తర్వాత ఎవరు డ్రమ్ము అడిగినా ముందు నా వంక చూసేవాడు.

ఇక నేను చేసిన పని చెప్పాలి.

రెండేళ్ల కిందట నాన్‌స్టిక్ పెనాలమ్మే కంపెనీవాళ్లు వచ్చి, అద్దాల స్టాండు ఊరికే ఇస్తాం, గుమ్మం దగ్గరే పెట్టాలి అన్నారు. వెడల్పు రెండున్నర అడుగులు. మా వీధిలో అప్పటికే ఇద్దరు పెట్టేసుకున్నారు, నాకు ప్రాణం ఆగలేదు. టేపు పట్టుకుని కొట్టంతా మూడుసార్లు కొలిచాను. అంత చోటు ఒక్కటే ఉందని నాకు మొదటిసారే తెలిసిపోయింది. అయినా ఆయన ముందు నిలబడి, "తాతా, రెండున్నర అడుగులు కావాలి. నీకెక్కడైనా తోస్తోందా?" అని అడిగాను. లేవమనే మాట నా నోటితో అనకుండా ఆయన చేతే అనిపించాలని అడిగాను. అది తెలివనుకున్నాను.

తాత చేతిలో ఉన్న చెంబు మీద పేరు పూర్తి చేశాడు. రజను ఊదేసి, లేచి, పీట పక్కకు జరిపాడు.

"నాను కూకున్నది రెండున్నర ఉంటాది. కొలిసి సూడమ్మా."

వద్దు తాతా అనడానికి ఎంతసేపు పడుతుంది? నేను వంగి కొలిచాను. సరిగ్గా సరిపోయింది. సరిపోయిందని పైకి కూడా అన్నాను.

మర్నాడు స్టాండు దించుతుంటే ఆయనా ఒక చెయ్యి వేశాడు. పెనాలు ఎలా సర్దితే ఎక్కువ పడతాయో చూపించాడు. తర్వాత బయట మెట్టు మీద, ఎండలో, లారీల దుమ్ములో పదిహేను రోజులు కూర్చున్నాడు. ఆపైన రాలేదు. కళ్లు ఆనడం లేదని కబురంపాడు. తాత ఏడీ అని అడిగినవాళ్లందరికీ నేనూ అదే చెప్పాను. నాకు ఆ కారణం ఎంతో హాయిగా ఉండేది. వాళ్ల ఇల్లు పెదగంట్యాడలో, స్కూటీ మీద పావుగంట. రెండేళ్లలో ఒక్కసారి కూడా వెళ్లలేదు.

చనిపోయిన రోజున వెళ్లడానికి మొహం చెల్లలేదు. మర్నాడు వెళ్లాను. ఒకటే గది, మా కొట్టు కన్నా చిన్నది. అందులోనే కూతురు, అల్లుడు, ఇద్దరు పిల్లలు, మొన్నటిదాకా తాత. మంచం కింద పెట్టెలు, గోడల నిండా సంచులు, కాలు ఎక్కడ మోపాలో చూసుకోవాల్సి వచ్చింది. గుమ్మం పక్కన మాత్రం ఒక మనిషికి సరిపడా చోటు ఖాళీగా ఉంది. కూతురు అక్కడ చాప వేసింది.

"ఇక్కడ కూకోండమ్మా. ఎవులైనా వత్తే కూకోవాల కదా అని మా అయ్య ఈ సోట్లో ఏటీ పెట్టనిచ్చేవోడు కాదు."

పర్వాలేదు, నిలబడతానన్నాను. ఆమె ఒప్పుకోలేదు, నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. ఆ గదిలో ఇంకొకరు కూర్చోవడానికి చోటు లేదు. ఆమె, పిల్లలిద్దరూ గోడకు ఆనుకుని నిలబడ్డారు.