అయిదో ఏటి ఒడిబియ్యం

మేం అమ్మను అవ్వ అనే పిలుస్తాం. లాక్‌డౌన్ వచ్చిన ఆ ఏడు మా అవ్వకు ఉన్నది ఒక్కటే కోరిక. అక్కకు ఒడిబియ్యం పోయాలి, అది తను కళ్లారా చూడాలి.

మా వైపు పెళ్లయిన ఆడబిడ్డను పుట్టింటికి పిలిచి, కొత్త చీర కట్టించి, పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, పోకలు, ఖర్జూరాలు దోసిళ్లతో ఆమె కొంగులో పోసి పంపుతారు. బేసి ఏళ్లలోనే పోయాలి. మూడో ఏడు తప్పితే అయిదు, అదీ తప్పితే ఏడు. అక్కకు చివరిసారి పోసింది నాన్న ఉన్నప్పుడు. మూడో ఏడు నాన్నే పోయాడు కాబట్టి ఇంట్లో శుభకార్యం లేకుండా పోయింది. ఇప్పుడు అయిదో ఏడు. నాన్న లేడు గనక అవ్వ తన చేత్తో పోయకూడదు. నేనూ నా భార్యా పోయాలి.

"నేను పొయ్యకున్నా మంచిదే కొడుకా. నా కండ్ల ముంగట పొయ్యుండ్రి, గంతే" అంది అవ్వ. "గీ ఏడు తప్పితే మల్ల ఏడో ఏడు. గప్పటిదాక నేనుంటనా?"

ఉంటావని నేను గట్టిగా చెప్పలేకపోయాను. అప్పటికే ఆమె మూత్రపిండాలు పని చేయడం మానేశాయి. వారానికి రెండుసార్లు కోరుట్ల నుంచి జగిత్యాల దవాఖానకు డయాలసిస్‌కు తీసుకుపోయేవాణ్ణి. అవ్వ దాన్ని రక్తం కడుగుడు అనేది. అక్క ఉండేది సిరిసిల్లలో. బావ సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద పని చేస్తాడు. ఉగాది దాటాక మంచిరోజు చూసి అక్కను పిలుద్దామనుకున్నాం. ఉగాదికి ముందే అన్నీ బందయ్యాయి.

మొదట ఇరవై ఒక్క రోజులన్నారు. నేను బడిపంతులును. బడులు మూసి మాలో కొందరికి గల్లీల దగ్గర డ్యూటీలు వేశారు. కోరుట్లలో ఒక గల్లీలో జబ్బు బయటపడితే రెండు వైపులా వెదురు కర్రలు అడ్డం కట్టేశారు. ఆ కర్రల పక్కన టార్పాలిన్ కింద కుర్చీ వేసుకుని కూర్చోవడం నా పని. లోపలి వాళ్లను బయటికి పోనివ్వకూడదు, బయటి వాళ్లను లోపలికి రానివ్వకూడదు. నిజం చెప్పాలంటే ఆ పని నాకు నచ్చింది. ఇరవై ఏళ్లు పిల్లలకు వరుసలో నిలబడమని చెప్పిన నోరు కదా, పెద్దవాళ్లు కూడా మాట వింటుంటే కాస్త పొంగిపోయాను.

మా వాళ్ల ఓపిక సంగతి అప్పుడే దగ్గరగా చూశాను. రేషన్ బియ్యం కోసం సున్నంతో గీసిన గుండ్రాల్లో నిలబడేవాళ్లు. ఎండ ముదిరితే తమ బదులు చెప్పులు ఆ గుండ్రాల్లో పెట్టి గోడ నీడకు పోయేవాళ్లు. ఒకరి చెప్పులను ఇంకొకరు జరిపింది నేను చూడలేదు. ఆ గల్లీలో సగం ఇళ్ల మగవాళ్లు దుబాయిలోనో మస్కట్‌లోనో ఉంటారు. రెండేళ్లకోసారి వచ్చే మొగుడి కోసం ఎదురుచూసే ఆడవాళ్లకు ఇరవై ఒక్క రోజులు ఒక లెక్కా? బీడీల పని ఆగిపోయింది, చాటలు గోడకు ఆనించి పెట్టుకున్నారు. ఎప్పుడు తెరుస్తారని అడిగేవాళ్లే తప్ప ఎందుకు మూశారని గొంతు పెంచినవాళ్లు లేరు. ఆ ఓపిక ఎక్కడి నుంచి వచ్చిందని నేను ఆలోచించలేదు. దాన్ని నా గొప్పదనంగా లెక్కేసుకుని, సాయంత్రం ఇంటికొచ్చి నా భార్యకు చెప్పుకునేవాణ్ణి.

"మీరు జెప్తెనే ఓపిక వట్టిన్రా వాళ్లు?" అని నవ్వేది ఆమె. "బాగనే ఉన్నది ముచ్చట."

మొదటి గడువు ఇంకో రెండు రోజుల్లో ముగుస్తుందనగా అవ్వ బియ్యం చెరిగి, రాళ్లేరి, మెట్‌పల్లి పసుపూ కాస్త నూనే వేసి కలిపింది. ఆమె చేతులు అప్పటికే వాచి ఉన్నాయి. నేను కలుపుతానని నా భార్య అంటే వినలేదు. పోయకూడదన్నారు గానీ కలపకూడదని ఎవరూ అనలేదంది. కలిపిన బియ్యాన్ని స్టీలు డబ్బాలో పోసి, మీద కుడుకలు పెట్టి మూత వేసింది. మర్నాడు లాక్‌డౌన్ పొడిగించారు.

"మల్లెన్నొద్దులు?" అని అడిగింది అవ్వ.

"ఇంక జెరన్ని రోజులే" అన్నాను.

అక్క రోజూ ఫోన్ చేసేది. సాంచాలు ఆగిపోయి సిరిసిల్ల అంతా చప్పుడు లేకుండా ఉందని, ఆ చప్పుడు లేక బావకు నిద్ర పట్టడం లేదని చెప్పేది. ఇంట్లో ఇబ్బంది గురించి అడిగితే మాట మార్చేది. చివర్లో మాత్రం ఒకటే ప్రశ్న, అవ్వ ఎట్లున్నది అని.

గడువు రెండోసారి పెరిగిన రోజుల్లో ఒక ఉదయం గల్లీ లోపలి నుంచి ఒకామె వెదురు కర్రల దగ్గరికి వచ్చింది. బీడీలు చేసే మనిషి, యాభై ఏళ్లు ఉంటాయి. మూతికి కొంగు కట్టుకుని దూరంగానే నిలబడింది. మెట్‌పల్లిలో బిడ్డ కాన్పయిందని, తొలిచూలని, చూసే దిక్కు లేదని, ఒక్కపూట పోయొస్తానని అడిగింది.

"జెర ఓపిక వట్టుండ్రి. అందరం గిట్లనే ఉన్నం గదా" అన్నాను. "మిమ్ముల వదిలిపెడితే రేపు అందరూ అడుగుతరు."

ఆమె వాదించలేదు. కొంచెంసేపు కర్రల వంకే చూసి వెనక్కి వెళ్లిపోయింది. ఆ రోజు నా డ్యూటీ నేను బాగా చేశానని అనుకున్నాను.

ఆ వారంలోనే అక్క ఫోన్ చేసి, మామూలుగా కాకుండా గొంతు తగ్గించి మాట్లాడింది.

"తమ్మీ, రేపు అవ్వను జగిత్యాల తీస్కపోతవు గదా. మీ బావ బండి మీద నేను గాడికే అస్త. మల్యాల కెల్లి లోపలి తొవ్వలున్నయట, ఎవలూ ఆపుతలేరట. మరదలిని గుడ తీస్కరా. దవాఖాన బయట యాపచెట్టు కింద ఐదు దోసిళ్లు పోస్తె సాలు. గంటల మల్ల పోత."

మాకు ఆ దారిలో పాస్ ఉంది. కారు అద్దం మీద అంటించి ఉంది. అక్క చెప్పింది జరగని పనేం కాదు. ఆ రోజుల్లో జనం అంతకంటే చిన్న పనులకే అంతకంటే పెద్ద అడ్డదారులు తొక్కారు. కానీ నా కళ్ల ముందు వెదురు కర్రల దగ్గర నిలబడిన ఆ బీడీల మనిషి కనపడింది. ఆమెను ఆపి, నా అక్కను రమ్మంటానా? అలా అనుకున్నానని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. అందులో కొంత నిజం ఉంది. మిగతాది భయం. ఎక్కడో ఎవరో ఆపితే, పంతులు అయ్యుండి ఇదేంది అని అడిగితే నా మొహం ఎక్కడ పెట్టుకోవాలన్న భయం.

ఇవేవీ అక్కకు చెప్పలేదు. "దవాఖాన కాడ ఒడిబియ్యం పోస్తరానె అక్కా? ఎవలన్న ఇంటె నవ్వుతరు. ఇంకో పదిహేను రోజులైతె మంచిగ ఇంట్లనే పోసుకుందం" అన్నాను.

"అవ్వనొకసారి అడుగు" అంది అక్క.

మర్నాడు కార్లో అడిగాను. అడిగాననడం కంటే, అక్క ఇట్లా పిచ్చిగా అంటోందని నవ్వుతూ చెప్పాను. అవ్వ నవ్వలేదు.

"గాడ పోస్తె ఏమైతది కొడుకా? చెట్టు కిందనే గదా" అంది. "డబ్బ తెస్తె అయిపోతుండె."

"ఓపిక వట్టవ్వా. ఇన్ని రోజులు వట్టినం."

ఆమె తల అటు తిప్పుకుని జగిత్యాల వచ్చేదాకా రోడ్డు చూస్తూ కూర్చుంది. డయాలసిస్ అయ్యాక బయటికి తీసుకొస్తుంటే వేపచెట్టు దగ్గర ఒక క్షణం ఆగింది. ఆయాసం అనుకుని నేనూ ఆగాను. సాయంత్రం అక్క ఫోన్ చేసి, అవ్వ ఏమన్నదని అడిగింది. అవ్వ కూడా ఆగుదామనే అన్నది అని చెప్పాను. ఎంత తేలిగ్గా అబద్ధమాడానో తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఆంక్షలు తప్పని నేను అనను. మరుసటి ఏడు మా వీధిలోనే ఎందర్ని పోగొట్టుకున్నామో నాకు తెలుసు. కానీ ఆగమని చెప్పేవాడికీ ఆగేవాడికీ కాలం ఒకేలా గడవదు. నా దగ్గర బోలెడు పదిహేను రోజులున్నాయి. అవ్వ దగ్గర లేవు. ఆ సంగతి ఆమెకు తెలుసు, అక్కకు తెలుసు. వారానికి రెండుసార్లు చెయ్యి పట్టుకుని నడిపించిన నేను మాత్రం తెలియనట్టు ఉన్నాను.

మూడోసారి గడువు పెరిగాక, ఒక మధ్యాహ్నం జగిత్యాల నుంచి వచ్చి పడుకున్న అవ్వ మళ్లీ లేవలేదు. మంచినీళ్లు ఇద్దామని పోయిన నా భార్య నన్ను పిలిచింది. మంచం కింద ఆ స్టీలు డబ్బా ఉంది. వంటింట్లో ఉండాల్సినది అక్కడికి ఎప్పుడు తెచ్చుకుందో మాకు తెలియదు.

అక్క రావడానికి పాస్ కోసం ఫోన్లు చేశాను. గంటలో పాస్ వచ్చింది. కారణం అన్నచోట అంత్యక్రియలు అని రాసి ఉంది. ఆ కాగితం ఫోన్లో చూసి గోడకు తల ఆనించి ఏడ్చాను. అన్ని రోజుల్లో నేను ఏడ్చింది అదే మొదలు. అక్క బావ బండి మీద సిరిసిల్ల నుంచి జగిత్యాల మీదుగా రెండు గంటల్లో వచ్చేసింది. చెక్‌పోస్టు దగ్గర పాస్ చూపిస్తే పోలీసులు చేతులు జోడించి వదిలారట. ఇరవై మందికి మించకుండా, దూరం దూరంగా నిలబడి అవ్వను సాగనంపాం. బావ ఆ సాయంత్రమే వెనక్కి వెళ్లాడు, అక్క పదకొండో రోజు దాకా ఉంది.

పదో రోజున నేను వాకిట్లో కూర్చుని ఉంటే ఆ బీడీల మనిషి వచ్చి గేటు బయటే నిలబడింది. అప్పటికి వాళ్ల గల్లీ కర్రలు విప్పేశారు. అవ్వ సంగతి తెలిసి వచ్చానంది. తర్వాత, "సారూ, ఓ మాట జెప్త, కోపం జేయకుండ్రి" అంది. "గా దినం మీరు కాదన్నంక ఎనుక గల్లీల కెల్లి మెట్‌పల్లి దాక నడుసుకుంట పోయిన. తలుపు కాడ నిలవడి మనుమరాలిని జూసిన. ముట్టుకోలె. తెల్లారి అచ్చిన. మీకు జెప్పకుంట పోతినని మనసుల ఉన్నది."

"మనుమరాలు మంచిగున్నదా?" అని అడిగాను.

"మంచిగున్నది సారూ" అంది, తప్పు చేసినదానిలా.

తప్పు ఎవరిదో ఆమెకు చెప్పాలనిపించింది.

పన్నెండో రోజుకు బస్సులు మొదలయ్యాయి. అక్క బయల్దేరుతుంటే నా భార్య డబ్బా తెచ్చి, ఈ బియ్యం ఏం చేయాలో తెలియడం లేదంది. ఒడి కోసం కలిపినవి మామూలుగా వండుకోకూడదు. చావు జరిగిన ఇంట్లో ఏడాది దాకా ఒడి నింపకూడదు. వచ్చే ఏడు ఆరో ఏడు, అదీ కుదరదు.

"పొయ్యకుండ్రి" అంది అక్క. "సంచిల పెట్టియ్యి, తీస్కపోత."

పసుపు బియ్యం ఒక బట్టల దుకాణం సంచిలోకి మారింది. కోరుట్ల బస్టాండులో జగిత్యాల బస్సు సగం ఖాళీగా ఉంది. జనం దూరంగా కూర్చోవాలని సీటు విడిచి సీటు మీద అడ్డగీతలు గీశారు. అక్క కిటికీ పక్కన కూర్చుంది. నేను కింద నిలబడ్డాను. చెప్పాల్సింది అప్పుడే చెప్పాలనుకున్నాను.

"అక్కా, గా దినం అవ్వ ఆగుదామన్నదని జెప్పిన గదా..."

"నాకెరుకే తమ్మీ" అంది, నన్ను పూర్తి చేయనివ్వకుండా. "గా దినమే అవ్వ నాకు ఫోన్ జేసింది. గాడ బియ్యం పొయ్యమంటె వాడు ఒప్పుకుంటలేడన్నది. మల్ల వాన్నడుగకు బిడ్డా, పదిమందికి జెప్పేటోడు, వానికి మాట రావద్దు అన్నది."

నాకు మాట రాకూడదని ఇద్దరూ ఆగారు. చివరిదాకా, నా ఎదురుగా ఒక్క నిష్ఠూరపు మాట అనకుండా ఆగారు. ఆ రోజుల్లో జనానికి ఓపిక నేర్పానని అనుకున్నవాణ్ణి, బస్సు కిటికీ ఊచ పట్టుకుని నిలబడ్డాను.

అక్క సంచిని పక్క సీట్లో, అడ్డగీత మీద పెట్టింది. కండక్టర్ వచ్చి, ఆ సీట్లో ఏమీ పెట్టొద్దమ్మా, ఖాళీగా ఉండాలన్నాడు. అక్క సంచి తీసి తన ఒడిలో పెట్టుకుంది. జారకుండా మీద కొంగు కప్పి, రెండు చేతులతో పట్టుకుంది.

బస్సు కదిలింది.