లకుముకిపిట్ట బొమ్మ

కుట్టుమిషన్లు బాగుచేసే అతనికి ఆదివారమంతా కెమెరాల దుకాణంలోనే గడిచిపోయేది. లెన్సు తగిలించని కొత్త కెమెరా బాడీని చేతిలో ఆడించి బరువు చూసేవాడు. పొడవాటి లెన్సుతో ఎదురు మేడ మీది పావురాన్ని చూసి నిట్టూర్చేవాడు. ఉన్న డబ్బు ఒక్కదానికే సరిపోతుంది. బాడీ కొంటే దూరాన ఉన్న పిట్ట చుక్కంతే కనిపిస్తుంది. లెన్సు కొంటే తన దగ్గరున్న పాత బాడీకి ఎగిరే రెక్క చిక్కదు.

"ఏదో ఒకటి కొనరా. కాలువ అవతలి లకుముకిపిట్టను ఒక్కసారి దగ్గరగా చూపించు," అనేది రోజురోజుకీ చూపు తగ్గుతున్న అక్క.

"తొందరపడితే ఎలా అక్కా?" అనేవాడు.

చివరికి లెన్సే కొన్నాడు. ఈక ఈకా తెలిసేలా వచ్చిన పిట్ట బొమ్మను అచ్చు వేయించి తీసుకెళ్లేసరికి అక్కకు చూపు పూర్తిగా పోయింది. ఆమె కాగితాన్ని వేళ్లతో తడిమింది.

"పోనీలే, పిట్ట ఎలా ఉందో నువ్వే చెప్పు."

"లెన్సు బాగుందక్కా," అన్నాడు.