దుప్పటి రెండో కొస

మా ఆసుపత్రి లాండ్రీలో ఆవిడను అందరూ మడతలక్క అంటారు. ఆవిడ దుప్పటి మడిచిందంటే నాలుగు మూలలూ కొలిచి కోసినట్టు ఉంటాయి. నేను మడిచినదాన్ని చూసి, "ఇది దుప్పటా, మూటా?" అంటుంది. అని ఊరుకోదు, విప్పి మళ్ళీ తనే మడుస్తుంది. పదకొండేళ్ళుగా ఈ దెప్పులు వింటున్నాను. అలవాటైపోయాయి, వినకపోతే తోచదు.

మేమిద్దరం ఒక జోడీ. నీళ్ళు పిండే యంత్రం నెలకు పది రోజులు పడకేస్తుంది. అప్పుడు తడి దుప్పట్లను చేత్తోనే పిండాలి. ఒక కొస ఆవిడ పట్టుకుంటుంది, రెండో కొస నేను. చెరో వైపుకి మెలిపెడతాం. నీళ్ళన్నీ కారిపోయాక ఆవిడ "ఊఁ" అంటుంది. ఆ "ఊఁ" వినపడేదాకా ఎవరూ వదలకూడదు. వదిలితే అవతలి మనిషి వెల్లకిలా పడుతుంది. మా పనిలో మొదటి పాఠం ఇదే.

నాకు నోటిదురదతో పాటు చేతిదురద కూడా ఎక్కువ. పనిలో చేరిన కొత్తలో ఒకసారి సరదాకి వదిలేశాను. ఆవిడ తడినేల మీద దబ్బున పడింది. నవ్వుతుందనుకున్నాను, లేదా నాలుగు తిడుతుందనుకున్నాను. రెండూ చెయ్యలేదు. తన చేతిలోని కొసను గుండెలకు అదుముకుని, "వదలకూడదే, వదలకూడదే" అంటూ ఏడ్చింది. గబుక్కున వెళ్ళి లేవదీశాను. ఆ రోజే ఆవిడ చెల్లెలి సంగతి చెప్పింది.

అప్పుడు ఆవిడకు తొమ్మిదేళ్ళు, చెల్లెలికి ఆరు. రాళ్ళు తవ్వేసిన గుంటలో వాన నీళ్ళు నిండాయి. అక్కాచెల్లెళ్ళు ఒడ్డున ఆడుకుంటూ జారిపడ్డారు. ఆవిడ ఒక చేత్తో రాతి అంచు పట్టుకుంది, రెండో చేత్తో చెల్లెలి చెయ్యి పట్టుకుంది. ఎంతసేపు పట్టుకుందో తెలియదు. చివరికి రెండో చెయ్యి వదిలేసింది. ఇంట్లో ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. కానీ వాళ్ళమ్మ ఆ తర్వాత ఏ పసిబిడ్డనూ ఆవిడ చేతికి ఇవ్వలేదు. ఆవిడా ఎవరినీ అడగలేదు.

అప్పటి నుంచి ఆవిడ తల నీళ్ళలో ముంచి ఎరుగదు. తలస్నానం చేసినా మొహం పైకెత్తి, వెనక నుంచి చెంబుతో పోసుకుంటుంది. నిరుడు నాకు పాప పుట్టింది. లాండ్రీకి తీసుకెళ్ళి, "ఎత్తుకో అక్కా" అన్నాను. "చేతులు తడిగా ఉన్నాయే" అంది. మరోసారి ఇంటికి వచ్చినప్పుడు ఇస్తే అప్పుడూ అదే మాట. పొడి చేతుల్ని కొంగుకి తుడుచుకుంటూ మరీ అంది. నేను రెట్టించలేదు.

ఇక దేవుడి సంగతి. రోగుల దుప్పట్లలో మాకు ఏం దొరకవు! కళ్ళజోళ్ళు, కట్టుడు పళ్ళు, ఒకసారి సగం కొరికిన ఆపిల్ పండు. రెండేళ్ళ కిందట ఒక దిండు గలీబులో యేసుప్రభువు కథ ఉన్న చిన్న పుస్తకం దొరికింది. అప్పటికే వేడినీళ్ళలో ఒక విడత ఉతుకు అయిపోయింది. ఎవరిదో అని వార్డులన్నీ తిరిగి అడిగాం, ఎవరూ మాదన్లేదు. నేనైతే చెత్తబుట్టలో వేసేదాన్ని, పుట్టు క్రైస్తవురాలినై ఉండి కూడా. మడతలక్క మాత్రం ఒక్కో పేజీ విడదీసి, పైన పలుచని గుడ్డ పరిచి ఇస్త్రీ చేసింది. వారానికి రెండు మూడు పేజీలు. ఇస్త్రీ చేసిన పేజీని చదవకుండా తిప్పడానికి ఆవిడకు మనసొప్పలేదు. అలా ఆరు నెలల్లో పుస్తకమంతా చదివేసింది.

ఒక పేజీ మీద మాత్రం గోధుమరంగు మచ్చ పడింది. నీళ్ళలో మునిగిపోతున్న శిష్యుడిని ప్రభువు చెయ్యి చాపి పట్టుకున్న చోటు అది. చదువుతూ చదువుతూ ఆవిడ ఇస్త్రీపెట్టె ఎత్తడం మరిచిపోయింది. కాలిన వాసనకు నేను పరుగెత్తుకొచ్చాను. "పట్టుకున్నాడటే. చూడు, పట్టుకున్నాడట" అంది నాతో.

ఆ వారమే నాతో మందిరానికి వచ్చింది. వెనక బల్ల మీద కూర్చునేది. ఏడాది తిరిగేసరికి బాప్తిస్మం తీసుకుంటానంది. మా పాస్టరుగారు ప్రతి వారం చెప్పే మాట ఒకటుంది: "ఆయన దగ్గరికి రావడం సులువు, తలుపు అందరికీ తెరిచే ఉంది." నాకు నిజంగానే సులువైంది. పద్నాలుగేళ్ళప్పుడు మా అమ్మ తీసుకెళ్ళింది, మందిరంలోని నీళ్ళ తొట్టిలో దిగాను, మునిగాను, లేచాను. ఆ మూడు సెకన్లూ నా ధ్యాసంతా బయట వదిలిన కొత్త చెప్పుల మీదే ఉంది. అదే ధీమాతో అక్కకీ చెప్పాను, "మూడు సెకన్ల పని" అని.

ఆ ఆదివారం ఆవిడ తొట్టి మెట్లు మూడు దిగింది. నీళ్ళు నడుముదాకా వచ్చాయి. పాస్టరుగారు తల మీద చెయ్యి పెట్టగానే ఆయన చొక్కా పట్టుకుంది. ఎంత గట్టిగా అంటే ఒక గుండీ తెగి నీళ్ళలో పడింది. ఆ వెంటనే గబగబా మెట్లెక్కి, తడి చీరతోనే పక్క తలుపులోంచి వెళ్ళిపోయింది.

మా సంఘంలో గడియారాల షాపు పెద్దాయన ఒకరున్నారు. ఆయన మాట అంటే అందరికీ గురి. "పిలుపు రాలేదేమో. అందరికీ రాదు కదా" అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. "మీ షాపులో గడియారాలన్నీ ఒకే టైము చూపిస్తాయాండీ?" అని అనేశాను. మా అమ్మ నా మోచేతి మీద గిల్లింది.

తర్వాత మూడు ఆదివారాలు అక్క రాలేదు. లాండ్రీలో మాట్లాడటం కూడా తగ్గించేసింది. నా మడతల్ని దెప్పడం మానేసిందంటే ఎంత దిగులు పడిందో చూడండి. నాలుగో వారం తనే అంది.

"అందరికీ అంటారే. ఆ అందరిలో నేను లేనేమోనే. పట్టుకున్న చెయ్యి వదిలేసినదాన్ని. ఏ మొహం పెట్టుకుని ఆయన చెయ్యి అడగను?"

సాయంత్రం పని దిగగానే పాస్టరుగారి ఇంటికి వెళ్ళి విషయం చెప్పాను.

మర్నాడు ఆయన లాండ్రీకే వచ్చారు. యంత్రం యథాప్రకారం పడకేసి ఉంది, మేం పిండుతున్నాం. "ఇలా ఇవ్వమ్మా, నేనూ ఒక చెయ్యి వేస్తాను" అని నా దగ్గర కొస అందుకున్నారు. అక్క ఒక్క మెలిక తిప్పిందో లేదో, ఆయన చేతుల్లోంచి దుప్పటి జారిపోయింది. పట్టు తప్పుతుందని అక్క ముందే కాసుకుని ఉంది కాబట్టి పడలేదు.

"వదలకూడదండీ అయ్యగారూ" అంది.

"నా చేతుల్లో అంత పట్టు లేదమ్మా" అన్నారాయన, చొక్కా మీద నీళ్ళు దులుపుకుంటూ. "ముప్పై ఏళ్ళుగా ప్రసంగాలు చెబుతున్నవాణ్ణి, ఒక్క నిమిషం పట్టుకోలేకపోయాను. తొమ్మిదేళ్ళ పిల్ల చేతిలో ఎంత పట్టు ఉంటుంది?"

అక్క నా వైపు కోపంగా చూసింది. తర్వాత ఆయన ముందు కూర్చుని గుంట సంగతి అంతా తన నోటితో చెప్పింది. పాస్టరుగారు బోర్లించిన బట్టల బుట్ట మీద కూర్చుని మొత్తం విన్నారు.

"మన పట్టు చూసి తీసుకునేట్టయితే ఆయన దగ్గర ఒక్కరూ మిగలరమ్మా. నేను అసలే మిగలను" అన్నారు చివరికి. "సులువు, సులువు అని ప్రతి వారం చెప్పాను. మీకు ఎంత కష్టంగా ఉందో చూడలేదు. అది నా తప్పు. తొట్టి వద్దు. కుర్చీలో కూర్చోండి, తల మీద నీళ్ళు పోస్తాను. అలా ఇచ్చే సంఘాలు బోలెడున్నాయి. మీరు నమ్మిన రోజే ఆయన మనిషి అయిపోయారు. నీళ్ళ లోతుతో పని లేదు."

అక్క సమాధానం చెప్పే ముందు ఒక దుప్పటి పూర్తిగా మడిచింది.

"వద్దండీ. మా చెల్లి పూర్తిగా మునిగింది. నేనూ పూర్తిగానే మునుగుతాను. కాకపోతే ఒక దుప్పటి కొస నా చేతిలో ఉండాలి. రెండో కొస పట్టుకుని ఈ పిల్ల గట్టు మీద నిలబడాలి."

ఈ మాట విని గడియారాల పెద్దాయన ఇంతెత్తున లేచారు. "ఇది బాప్తిస్మమా, బట్టల ఉతుకా?" అని అడిగారు.

"రెండూనండీ" అన్నారు పాస్టరుగారు. ఆయన నోట అంత చక్కటి మాట నేను అంతకుముందు వినలేదు.

ఆదివారం ఉదయం మందిరం నిండిపోయింది. ఆసుపత్రి వాళ్ళు పనికిరాదని తీసేసిన నీలం చారల దుప్పటి ఒకటి తెచ్చుకున్నాం. మా బావ, అంటే మడతలక్క భర్త, ఆసుపత్రిలోనే లిఫ్టు నడుపుతాడు. మందిరం గడప ఎప్పుడూ తొక్కని మనిషి. ఆ రోజు మాత్రం డ్యూటీ దిగి ఖాకీ బట్టలతోనే వచ్చేశాడు. భుజం మీద తువ్వాలు, చంకలో మా పాప.

"ఏం లేదే. కిందికి దిగడం, పైకి రావడం. ముప్పై ఏళ్ళుగా చూస్తున్నాగా, మధ్యలో ఆగింది రెండుసార్లే" అన్నాడు భార్యతో.

"ఆ రెండుసార్ల మాట ఇప్పుడెందుకు బావా!" అని అరిచాను.

అక్క మెట్లు దిగింది. ఒకటి, రెండు, మూడు. గట్టు మీద నేను కొసను రెండు చేతులా బిగించి పట్టుకున్నాను. ఆవిడ వణుకు దుప్పటి గుండా నా చేతులకు తెలుస్తోంది. నాలుగో మెట్టు, అయిదో మెట్టు. నీళ్ళు ఛాతీదాకా వచ్చాయి. పాస్టరుగారు వీపు వెనక ఒక చెయ్యి, నుదుటి మీద ఒక చెయ్యి వేశారు. "నమ్ముతున్నారా అమ్మా?" అని అడిగారు. ఆవిడ కళ్ళు మూసుకుని, "ఊఁ" అంది. మా పనిలో అనే "ఊఁ" లాగే అంది.

నీళ్ళు ఆవిడ మీదుగా మూసుకున్నాయి. దుప్పటి ఒక్కసారి బిగిసింది. ఆ వెంటనే నా చేతుల్లో వదులైపోయింది.

"అక్కా!" అని కేకేసి, కొస వదిలేసి, మంచి చీరతో సహా తొట్టిలోకి దూకేశాను. దూకేసరికి ఆవిడ లేచి నిలబడి ఉంది. జుట్టంతా మొహం మీద పడింది, ముక్కులోంచి నీళ్ళు కారుతున్నాయి, రెండు చేతులూ పైకెత్తి ఉన్నాయి. నవ్వుతోంది. పదకొండేళ్ళలో ఆ నవ్వు నేనెప్పుడూ చూడలేదు.

"వదిలేశానే! నేనే వదిలేశా! పట్టుకోవాల్సిన పనే లేదే, ఆయనే పట్టుకున్నాడు!"

మందిరమంతా లేచి చప్పట్లు కొట్టింది. నేను ఆవిడను కావలించుకుని గట్టిగా ఏడ్చేశాను, సిగ్గు లేకుండా. కాసేపటికి దుప్పటి గుర్తొచ్చి గట్టు వైపు చూశాను. నేను వదిలేసిన కొసను గడియారాల పెద్దాయన పట్టుకుని ఉన్నారు. ఆయన చొక్కా చేతులు మోచేతుల దాకా తడిసిపోయాయి.

"నువ్వు వదిలేశావుగా. ఎవరో ఒకరు పట్టుకోవాలి కదా" అన్నారు విసుగ్గా. ఆ విసుగు చెమర్చిన కళ్ళు దాచుకోవడానికే అని తెలుస్తూనే ఉంది.

మా దగ్గర బాప్తిస్మం తీసుకున్నవాళ్ళు ఒక్క మాట సాక్ష్యం చెప్పాలి. అక్క తడి చీరతోనే అందరి ముందు నిలబడింది.

"అయ్యగారు సులువంటారు. సులువేం కాదండీ, నాకు నలభై ఏళ్ళు పట్టింది. కానీ అందరికీ అన్న మాట మాత్రం నిజం. అందులో నేనున్నాను కదా. ఇంక ఎవరైనా రావచ్చు."

పాస్టరుగారు ఆ రోజు ప్రసంగం చెప్పలేదు. ఇంకేం మిగిలిందని చెప్పడానికి!

బావ తువ్వాలు పట్టుకుని ఎదురొచ్చాడు. అక్క తువ్వాలు అందుకోలేదు. నా పాప వైపు రెండు చేతులూ చాపింది.

"ఇలా ఇవ్వండి" అంది.

నోరు ఊరుకోక, "చేతులు తడిగా ఉన్నాయిగా అక్కా" అన్నాను.

"ఉండనీవే" అంది, పాపను గుండెలకు హత్తుకుంటూ.