మెడికల్ బ్యాచి తెల్లకోటు

కోరుట్లలో నేను జీవశాస్త్రం చెప్పే ప్రైవేటు బడిలో ఆరో తరగతి నుంచే డాక్టర్లుంటారు. తమాషాకు అనడం లేదు. మెడికల్ బ్యాచి పిల్లలకు హాజరు పిలిచేటప్పుడు పేరుకు ముందు 'డాక్టర్' అని తప్పకుండా చేర్చాలని మా కరస్పాండెంట్ ఆజ్ఞ. అలా పిలిస్తే పట్టుదల పెరుగుతుందట. పెరిగిందో లేదో గానీ, "డాక్టర్ గారూ, బయటికి వెళ్లి ముక్కు చీదుకుని రండి" అని చెప్పుకోవలసిన గతి నాకు పట్టింది.

ఈ డాక్టర్లకు సిరిసిల్ల గుడ్డతో తెల్లకోట్లు కుట్టించారు. ఎదిగే పిల్లలు కదా అని మోకాళ్ల కిందికి వదిలారు. మైక్రోస్కోపు మాత్రం కరస్పాండెంట్ గదిలో, అద్దాల బీరువాలో, షీల్డుల పక్కన ఉంటుంది. అది తల్లిదండ్రులు చూడడానికే తప్ప పిల్లలు ముట్టుకోవడానికి కాదు. గుండె గురించి మా వాళ్లకు తెలిసిందల్లా నాలుగు జవాబుల్లో ఒకదానికి టిక్కు పెట్టడం. నర్సింగు, ల్యాబు టెక్నీషియన్, ఫిజియోథెరపీ లాంటి చదువులు కూడా ఉన్నాయని ఒకసారి చెప్పబోతే, "పిల్లల మనసు ఖరాబు చెయ్యకుండ్రి సార్" అని నన్ను గదికి పిలిపించి మరీ మందలించారు.

ఆ బ్యాచిలో తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి ఉండేది. వాళ్లది రుద్రంగి. తాత తాటిచెట్లెక్కేవాడు, నాన్న ఆటో నడుపుతాడు. డాక్టరు కావాలని ఆ పిల్లకు నిజంగానే ఉంది. పాఠం శ్రద్ధగా వింటుంది, మంచి ప్రశ్నలు అడుగుతుంది. అదే దాని కొంప ముంచింది. బిట్టు చూడగానే టిక్కు పెట్టకుండా, మిగతా మూడూ ఎందుకు కావో ఆలోచిస్తూ కూర్చునేది. ఈలోగా గంట కొట్టేవాళ్లు. ఈసారి కూడా పరీక్షలో అడుగున మిగిలితే కోటు లాక్కుని మామూలు సెక్షనుకు పంపేస్తామని హెచ్చరించారు. ఆ పిల్ల కంటే నాకే ఎక్కువ బెంగ పట్టుకుంది.

అంతలో కరస్పాండెంట్‌కు కొత్త ఆలోచన వచ్చింది. పిల్లలను జగిత్యాలలో ఒక ఆసుపత్రికి తీసుకెళ్లి ఫోటోలు దిగాలి. బస్సు దిగి తెల్లకోట్ల దండు లోపలికి నడవగానే, డాక్టరు కోసం కూర్చున్న జనమంతా లేచారు. హైదరాబాదు నుంచి పెద్ద డాక్టర్లు క్యాంపుకు వచ్చారనుకున్నారు. ఇంత పొట్టి డాక్టర్లేమిటని ఒక్కరికీ అనుమానం రాలేదు. చీటీలు పట్టుకుని చుట్టుముట్టేసరికి మా ర్యాంకుల పిల్లలు నా వెనక దాక్కున్నారు.

మేడిపల్లి నుంచి వచ్చిన ఒక ముసలమ్మ రుద్రంగి పిల్ల చెయ్యి పట్టుకుంది.

"మోకాళ్లు గుంజుతున్నయి బిడ్డా. నిద్ర వడుతలేదు."

"నేను డాక్టర్ను కాదవ్వా. తొమ్మిది చదువుతున్న."

"అయితేంది? జెర ఇను."

ఆ పిల్ల ముసలమ్మను కూర్చోబెట్టి, ముందు గొంతుక్కూర్చుని విన్నది. మోకాళ్లతో మొదలై కోడలి దాకా వెళ్లిన కథంతా విన్నది. ఏ కాలు ఎక్కువ నొప్పి, మెట్లెక్కితేనా దిగితేనా అని అడిగింది. తర్వాత ఆమెను లేపి, నడిపించుకెళ్లి, అసలు డాక్టరు గది ముందు వరుసలో నిలబెట్టి వచ్చింది. నాకు కడుపు నిండినట్టయింది. ఫోటోగ్రాఫర్ కూడా ఆ దృశ్యాన్ని వదల్లేదు.

ఆ తర్వాతి పరీక్షలో పిల్ల మళ్లీ అడుగునే మిగిలింది. కోటు తీసుకుని మామూలు సెక్షనుకు పంపేశారు. ఆ వారంలోనే బస్టాండు దగ్గర పెద్ద ఫ్లెక్సీ లేచింది. ముసలమ్మ చెయ్యి, శ్రద్ధగా వింటున్న ఈ పిల్ల మొహం, కింద 'మెడికల్ బ్యాచిలో ప్రవేశాలు జరుగుతున్నవి'. నాకు ఒళ్లు మండిపోయి కరస్పాండెంట్ దగ్గరికి వెళ్లాను.

"ఫోటో మంచిగచ్చింది సార్. మార్కులు మంచిగ రాలే. అండ్ల నేనేం జెయ్యాలె?" అన్నాడాయన. నిజంగానే ఆయనకు అందులో తప్పేమీ కనిపించలేదు.

కొద్ది రోజులకు సిరిసిల్ల నుంచి ఆలుమగలిద్దరు కూతురిని చేర్పించడానికి వచ్చారు.

"గా ఫ్లెక్సీల ఉన్న పిల్ల పక్కపొంటి కూసోవెట్టుండ్రి సార్. మా బిడ్డకు గూడ గా గుణం రావాలె" అన్నది తల్లి.

కరస్పాండెంట్ తడబడలేదు. అటెండరును పరుగెత్తించాడు. మామూలు సెక్షను నుంచి పిల్ల వచ్చింది, బీరువాలోంచి కోటు వచ్చింది. "ఇగో, మా డాక్టర్" అని భుజం తట్టి చూపించాడు. ఆ పూటే ఆమెను మెడికల్ బ్యాచి మొదటి బెంచీలో కూర్చోబెట్టారు. వచ్చే పోయే తల్లిదండ్రులకు కనిపించేలా తలుపు కూడా తీసి ఉంచారు.

ఎలాగైతేనేం, పిల్లకు న్యాయం జరిగిందని నేను సంబరపడ్డాను. సాయంత్రం వరండాలో ఆపి, "చూశావా, నీ కోటు నీకొచ్చింది" అన్నాను.

పిల్ల కోటు విప్పి, మడత నలగకుండా చేతిమీద వేసుకుంది.

"అడ్మిషన్లు అయిపోయినంక దీన్ని ఉతికి ఇయ్యాల్నా సార్, గట్లనే ఇయ్యాల్నా?"