మా ఇంటా వంటా లేదు

బట్టతల గురించి మాట్లాడినా, కళ్ళజోడు గురించి మాట్లాడినా మా పెదనాన్న ఒక్కటే అనేవాడు: "మా ఇంటా వంటా లేదు." మిరపకాయల కళ్ళంలో మగవాళ్ళంతా చొక్కాలు విప్పేసినా, ఆయన మాత్రం ఆ ఎండలో మెడదాకా గుండీలు పెట్టుకునే తిరిగేవాడు.

ఎనభైల్లో ఆయన కూతురికి చూపు మందగించింది. కంటి నరం మీద మొదలై మెదడులోకి పాకిన గడ్డ అన్నారు.

"మా ఇంటా వంటా లేదు. నీ పుట్టింటి నుంచే తెచ్చావు," అన్నాడు పెద్దమ్మతో.

బ్రాడీపేట డాక్టరుగారి దగ్గరికి నేనూ తోడు వెళ్ళాను. ఆయన పిల్ల వీపు మీది కాఫీరంగు మచ్చలు చూసి, "ఇవి మీలో ఎవరికున్నాయి?" అన్నారు. పెద్దమ్మ మచ్చల్లేని తన చేతులు చూపించింది. పెదనాన్న "మా ఇంటా..." అని ఆగిపోయాడు.

"చొక్కా తీయండి."

వీపంతా అవే మచ్చలు.

"ఈ మచ్చలకీ ఆ గడ్డకీ కారణం ఒకటే, జన్యువులో మార్పండీ. మీ నుంచి పాపకొచ్చింది. మీ తప్పేం కాదు," అని, డాక్టరుగారు పెద్దమ్మ వైపు తిరిగారు. "మీరెప్పుడూ చూడలేదామ్మా?"

"రోజూ చూసేదాన్నేనండీ. పైకంటే చిన్నబోతాడని ఊరుకున్నా."

పెదనాన్న చొక్కా తొడుక్కుని, గుండీలు పెట్టుకోకుండానే కూర్చున్నాడు. పెద్దమ్మే లేచి మెడదాకా గుండీలు పెట్టింది.